గడపకు పసుపు రాసే చేతులు



మా కంభంలో ఇంకా మసక చీకటిగా ఉండగానే ఊరి చివరి కాలనీల్లోంచి కొందరు ఆడవాళ్ళు బయలుదేరతారు. కొంగు నడుముకు దోపుకొని, ఇద్దరేసి ముగ్గురేసి మాట్లాడుకుంటూ బజారు వైపు వస్తారు. సందు మొదట్లో విడిపోయి తలా ఒక ఇంటి గేటు తీస్తారు. ఆ వేళకు మనం ఇంకా దుప్పటి ముసుగులోనే ఉంటాం. ఆమె వాకిలి చిమ్మి, కళ్ళాపి చల్లి, ముగ్గేస్తుంది. శుక్రవారమైతే గడప కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెడుతుంది. ఆ తర్వాత రాత్రి బోకులన్నీ పెరట్లో కుళాయి దగ్గర వేసుకొని కూర్చుంటుంది.

నేను ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన పంతులమ్మను. రిటైరయ్యాక ఇంట్లో ఉండటం మొదలుపెట్టిన కొత్తల్లో ఒక శుక్రవారం పొద్దున ఒక దృశ్యం చూశాను. మా ఇంటి గడపకు పసుపు రాసిన ఆమే, ఐదు నిమిషాల తర్వాత అదే గడప అవతల మెట్టు మీద కూర్చొని కాఫీ తాగుతోంది. చేతిలో ఉన్నది కిటికీ పక్క గూట్లో విడిగా బోర్లించి ఉండే స్టీలు గ్లాసు. ఆ గ్లాసు అక్కడికి ఎప్పుడు వచ్చిందో, ఎవరు పెట్టారో మా ఇంట్లో ఎవరూ చెప్పలేరు. మా అత్తగారి కాలం నుంచి అక్కడే ఉంది. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసిందని ఏటా పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చెప్పినదాన్ని నేను. ఒకప్పుడు మన పల్లెల్లో టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. దాని మీద దళితులు పోరాడారు, కేసులు పెట్టారు, చాలా చోట్ల దాన్ని మాన్పించారు. హోటల్లో పోయిన రెండో గ్లాసు మా ఇంటి గూట్లో క్షేమంగా ఉంది. గడపను ముట్టుకుంటే పవిత్రమైన చేతులు, గ్లాసును ముట్టుకుంటే మైల ఎలా అవుతాయి? ఆ రోజు నాకు జవాబు దొరకలేదు. గ్లాసు మాత్రం తీసేశాను.

ఇవాళ నేను మాట్లాడేది ఆమె గురించి, ఆమెలాంటి వేలాది మంది గురించి. ఇళ్ళల్లో పాచిపని చేసేవాళ్ళు, వంట చేసేవాళ్ళు, పసిపిల్లల్ని చూసుకునేవాళ్ళు, మంచాన పడ్డ ముసలివాళ్ళకు సేవ చేసేవాళ్ళు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. మన ఇల్లు మనకు ఇల్లే, ఆమెకు మాత్రం అది పని చేసే చోటు. ఆమె చేసేది ఉద్యోగం. ఉద్యోగానికి ఉండవలసిన జీతం, సెలవు, భద్రత, మర్యాద దానికీ ఉండి తీరాలి.

మన ఉమ్మడి ప్రకాశం పడమటి భాగంలో ఆడవాళ్ళు ఈ పనిలోకి ఎలా వస్తారో మీకు తెలియంది కాదు. కంభం, బేస్తవారిపేట, అర్ధవీడు, రాచర్ల, కొమరోలు, తర్లుపాడు - ఇదంతా వానను నమ్ముకున్న నేల. గుండ్లకమ్మ మీద రెండు కొండల నడుమ విజయనగర కాలంలో కట్టిన మన కంభం చెరువు నిండితే ఆయకట్టు కింద నాట్లు, కలుపులు, కోతలు. ఊరంతా పని. చెరువు ఎండితే నాట్లూ లేవు, కూలీ లేదు. బోర్లు వేసి వేసి అప్పులపాలైన ఇళ్ళు ఎన్నో. మార్కాపురంలో పలకల పనికి ఒకప్పుడున్న గిరాకీ ఇప్పుడు లేదు. మగవాళ్ళు బేల్దారి పనికి హైదరాబాదో, బెంగళూరో రైలెక్కుతారు. పిల్లల చదువు కోసమో, ముసలి అత్తమామల కోసమో ఆడది ఊళ్ళోనే ఉండాలి. పొలం పని లేని ఆడదానికి ఊళ్ళో దొరికే పని ఒక్కటే, ఇంకొకరి ఇంట్లో బోకులు తోమడం.

మా ఇంటికి వచ్చే ఆమెను ఒకసారి కూర్చోబెట్టి అడిగాను. నాలుగిళ్ళు చేస్తుంది. ఇంటికి పదిహేను వందలు. నెలకు ఆరు వేలు. పొద్దున ఐదున్నరకు మొదలుపెడితే నాలుగో ఇల్లు అయ్యేసరికి పదకొండు దాటుతుంది. మళ్ళీ సాయంత్రం రెండిళ్ళకు పోవాలి. ఎండాకాలంలో ఇంకో చిక్కు. కుళాయి నీళ్ళు ఎప్పుడొస్తే అప్పుడే పని. ట్యాంకరు వస్తే బిందెలు మోయడం కూడా ఆమె వంతే. జీతం మాట్లాడుకున్నప్పుడు ఆ బిందెల లెక్క ఎవరూ మాట్లాడలేదు. చుట్టాలొస్తే పెరిగే బోకుల లెక్కా లేదు, పండక్కి దులిపే బూజు లెక్కా లేదు. ఆమె తన అరచేతులు చూపించింది. సబ్బు పొడికి, చల్లనీళ్ళకు వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా ఒరిసి ఉంది. చలికాలంలో చీలికలు పడతాయట. "రాత్రి అన్నం కలుపుకుంటే కారం మండుద్ది టీచరమ్మా. అందుకే స్పూనుతో తింటా" అంది. మా గిన్నెలు మెరవడానికి ఆమె తన చేత్తో తాను అన్నం తినలేకపోతోంది. ఇన్నేళ్ళుగా ఆ చేతులు నా కళ్ళెదురుగానే ఉన్నాయి, నేను చూడలేదు.

ఇంత పనికి విలువ ఇంత తక్కువగా ఎందుకుంది? ఈ ప్రశ్నకు జవాబు కోసం మనం మన సొంత ఇంట్లోకే చూసుకోవాలి. 2024లో కేంద్ర గణాంక శాఖ జరిపిన టైం యూజ్ సర్వేలో తేలిందేమిటంటే, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. దాదాపు ఐదు గంటలు ఒకవైపు, గంటన్నర ఇంకోవైపు. మన అమ్మ, మన భార్య, మన కోడలు ఈ పనిని ఊరికే చేస్తున్నారు కాబట్టి అది పనే కాదని మన మనసులో పాతుకుపోయింది. "ఇంట్లో ఊరికే ఉంటుంది" అంటాం చూడండి, ఆ మాటలో ఉంది అసలు రోగం. ఇంటావిడ చేస్తే విలువ లేని పనికి, బయటి మనిషి వచ్చి చేస్తే మాత్రం విలువ ఎక్కడినుంచి వస్తుంది? కాబట్టి పనామెకు న్యాయం జరగాలన్నా, ఇల్లాలికి గౌరవం దక్కాలన్నా రెండింటికీ దారి ఒకటే. ఇంటి పని కూడా కష్టమేనని, నేర్పుతో చేసేదని, దాని వల్లే మిగతావాళ్ళ ఉద్యోగాలు నడుస్తున్నాయని ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ళు నేను తొమ్మిదింటికల్లా బడిలో ఉన్నానంటే, ఏడింటికల్లా నా వంటింట్లో ఇంకొకామె ఉంది కాబట్టే.

ఈ విలువలేనితనం వెనక పాత చరిత్ర కూడా ఉంది. నిజాం కాలపు తెలంగాణలో దొరల ఇళ్ళల్లో ఆడబాపలు అని ఉండేవాళ్ళు. దొర కూతురికి పెళ్ళయి అత్తారింటికి పోయేటప్పుడు చీరలు, నగలు, పశువులతోపాటు ఈ ఆడపిల్లల్ని కూడా వెంట పంపేవాళ్ళు. జీవితమంతా ఆ దొర గడీలో చాకిరీ. వాళ్ళకు పెళ్ళి లేదు, జీతం లేదు, వెళ్ళిపోయే హక్కు లేదు. పుచ్చలపల్లి సుందరయ్య గారు తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఈ సంగతి నమోదు చేశారు. వెట్టికి వ్యతిరేకంగా ఆ పోరాటం లేచింది. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. గడీలు కూలిపోయాయి. అయినా ఇప్పటికీ ఇరవై వేలో ముప్పై వేలో అడ్వాన్సు ఇచ్చి, "బాకీ తీరేదాకా మానకూడదు" అని పనామెను కట్టేసే ఇళ్ళు లేవా? అడ్వాన్సు పేరుతో మనిషిని కదలనీయకపోతే అది వెట్టే అవుతుంది. ఇచ్చిన డబ్బు తిరిగి అడగొచ్చు. మనిషిని పట్టి ఉంచే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

మరి చట్టం ఏమంటోంది? ఇంటి పనివాళ్ళ కోసం 1959లోనే పార్లమెంటులో ఒక బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. తర్వాత కూడా ఎన్నో బిల్లులు వచ్చాయి, పోయాయి. 2011 జూన్ 16న జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పనివాళ్ళ కోసం 189వ ఒడంబడిక చేసింది. ఇంటి పనివాళ్ళూ మిగతా కార్మికుల్లాంటివాళ్ళేననీ, వాళ్ళకు వారానికి వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలనీ అది చెబుతుంది. మన దేశం ఆ రోజు దానికి అనుకూలంగా ఓటేసింది. ఇన్నేళ్ళయినా దాన్ని ఆమోదించి మన దగ్గర అమల్లోకి తేలేదు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టులో జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ఈ కొరతను ఎత్తి చూపారు. ఇంటి పనివాళ్ళ రక్షణకు చట్టం ఎలా ఉండాలో పరిశీలించేందుకు కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించారు. 1959 నుంచి లెక్కేసుకోండి. అప్పుడు పుట్టిన ఆడపిల్ల జీవితమంతా బోకులు తోమి, ఇప్పుడు నడుం వంగి మూల కూర్చుని ఉంటుంది. ఆమె కోసం అనుకున్న చట్టం ఇంకా దారిలోనే ఉంది.

అలాగని చట్టంలో ఏమీ లేదని అనుకోకండి. ఉన్నవి మనకు తెలియకపోవడం కూడా ఒక నష్టమే. మన రాష్ట్రం ఉమ్మడిగా ఉన్నప్పుడే, 2007లో, ఇంటి పనిని కనీస వేతనాల జాబితాలో చేర్చారు. అంటే ఇంటి పనికి ఇంతకు తగ్గకుండా ఇవ్వాలని ప్రభుత్వం చెప్పగలదని ఒప్పుకున్నట్టు. పని చేసే చోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపుల్ని అరికట్టే 2013 నాటి చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. పని చేసే చోటు అంటే ఏమిటో చెబుతూ, ఆ చట్టం నివాస గృహాన్ని కూడా అందులో చేర్చింది. నేను ఇందాక చెప్పిన మాట నా సొంతం కాదని దీంతో మీకు అర్థమై ఉంటుంది. ఇల్లు పని చేసే చోటేనని భారత పార్లమెంటే అంది. ఇంటి యజమాని గానీ, ఇంట్లో ఇంకెవరైనా గానీ చెడుగా ప్రవర్తిస్తే, ఆ ఇంట్లో పనిచేసే ఆమె మూడు నెలల్లోపు జిల్లా స్థాయిలో ఉండే లోకల్ కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదులో నిజం ఉన్నట్టు కనిపిస్తే కమిటీ ఏడు రోజుల్లో దాన్ని పోలీసులకు పంపాలి. ఈ మాట వింటున్న ప్రతి పనామెకూ చెబుతున్నాను. నీ నోరు మూయించడానికి "ఇంటి పరువు" అంటారు. పరువు తీసేది తప్పు చేసినవాడు. చెప్పుకున్న నువ్వు కాదు తల్లీ.

ఇప్పుడు రెండో సంగతి, సేవ చేసేవాళ్ళ గురించి. మన ఊళ్ళల్లో ఇది కొత్తగా పెరిగిన పని. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఇక్కడ అమ్మానాన్నలు ఒంటరిగా ఉంటారు. ఒకరికి పక్షవాతం వస్తుంది, ఇంకొకరు మతిమరుపుతో తిరిగిన దారే మర్చిపోతారు. అప్పుడు మనం వెతికేది ఒక మనిషిని. "రాత్రీ పగలూ ఉండే మనిషి కావాలి" అని ఊరంతా చెప్పి పెడతాం.

మా అత్తగారికి పక్షవాతం వచ్చినప్పుడు నేనూ అలాగే వెతికాను. బేస్తవారిపేట దగ్గర పల్లె నుంచి ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. అంతకు ముందు గుంటూరులో రెండేళ్ళు ఆయాగా చేసిందట. మొదటి రోజే మా అత్తగారి పిక్కల కింద ఒక మెత్తటి దిండు పెట్టింది. మడమలు పరుపుకు తగలకుండా గాలిలో ఉండేలా సర్దింది. ఎందుకని అడిగితే, "పుండు మొదట మడమ దగ్గరా, నడుం కింద ఎముక దగ్గరా పడుద్దమ్మా. ఒకసారి పడిందంటే మానదు" అంది. రెండు గంటలకొకసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పేది. తిప్పేటప్పుడు పరుపు మీద ఈడ్చేది కాదు. దుప్పటి అంచు పట్టుకొని మనిషిని తేలిగ్గా లేపి తిప్పేది. ఈడిస్తే చర్మం ఒలుస్తుందట. మూత్రం రంగు మారితే నాకు ముందే చెప్పేది. మాట రాని మా అత్తగారు కనురెప్ప ఆడించిన తీరును బట్టి దాహమో, నొప్పో పసిగట్టేది. ఏడు నెలల్లో మా అత్తగారి ఒంటి మీద ఒక్క పుండు పడలేదు. చూడ్డానికి వచ్చిన డాక్టరుగారు ఆశ్చర్యపోయి, "ఎవరు చూసుకుంటున్నారు?" అని అడిగారు. మేమంతా గర్వంగా నవ్వాం. ఆమె గది మూల నిలబడి ఉంది. ఆమెను ముందుకు పిలిచి, ఇదిగో ఈమె అని చెప్పాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఏడో నెలలో ఒకరోజు ఆమె నా దగ్గరికొచ్చి నిలబడింది. జీతం పెంచమంటుందేమో అనుకున్నాను. "జీతం పెంచొద్దులే టీచరమ్మా. నెలకు నాలుగు రాత్రులు నిద్ర పోనీ" అంది.

ఆ మాట విన్నాక నేను కాగితం మీద లెక్క వేసుకున్నాను. రాత్రి పదింటికి, పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి. రాత్రికి నాలుగుసార్లు. ఏడు నెలలంటే రెండొందల పది రాత్రులు. ఎనిమిది వందల నలభై సార్లు ఆమె నిద్ర లేచింది. పగలు మేం లేచాక ఆమె పడుకుందా అంటే అదీ లేదు. పగలు కూడా అదే పని, పైగా వంటింట్లో సాయం. మేం ఆమెకు అన్నం పెట్టాం, చీర కొన్నాం, "మా ఇంట్లో మనిషిలాంటిది" అని అందరికీ చెప్పుకున్నాం. ఇంట్లో మనిషికైతే కంటి నిండా నిద్ర ఉండేది కదా!

ఆ నెల నుంచి నాలుగు రాత్రులు మేం వంతులేసుకున్నాం. నా వంతు వచ్చిన మొదటి రాత్రి రెండింటికి అలారం మోగితే లేచి, మా అత్తగారిని ఒక్కదాన్నే తిప్పలేక మా అబ్బాయిని లేపాను. ఇద్దరం కలిసి తిప్పినా దుప్పటి ఒక పక్క జారిపోయింది. ఆమె ఒక్కతే అలా తిప్పడం చేతి బలంతో అయ్యేది కాదని, అది నేర్చుకున్న విద్య అని అప్పుడు తెలిసింది. విద్య తెలిసినవాళ్ళకు ఇచ్చే మర్యాద ఆమెకు మేం ఒక్కరోజూ ఇవ్వలేదు. ఈ తప్పు మా ఇంటిది. ఏ మొహమాటం లేకుండా మీ ముందు ఒప్పుకుంటున్నాను, మీ ఇంట్లో జరగకూడదని.

పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు మన రాష్ట్ర ప్రభుత్వం ఇప్పుడు నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. అలాంటి మనిషిని చూసుకోవాలంటే ఎంత కష్టమో, ఎంత ఖర్చో ప్రభుత్వం గుర్తించిందన్నమాట. చూసుకునే మనిషిని గుర్తించడం ఇంకా మిగిలి ఉంది.

మన ఊళ్ళల్లో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, ఆశా కార్యకర్తలు కూడా ఈ సేవలోని వాళ్ళే. పసిబిడ్డకు తిండి పెట్టడం, బాలింతను చూడటం, ఇది ఆడవాళ్ళ సహజ గుణం కాబట్టి జీతం అక్కర్లేదు, గౌరవ వేతనం చాలు అనే ఆలోచనతోనే ఆ వ్యవస్థ నడిచింది. 2023 డిసెంబరు 12 నుంచి మన రాష్ట్రంలో అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారు. చలిలో టెంట్ల కింద కూర్చున్నారు. సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించినా వెనక్కి పోలేదు. అంతకు ముందు 2022 ఏప్రిల్‌లో అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ ఇవ్వాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వాళ్ళకు సంఘం ఉంది కాబట్టి అడగగలిగారు. నాలుగు గోడల మధ్య ఒంటరిగా పనిచేసే మనిషికి పక్కన నిలబడే మరో మనిషి ఉండదు. అందుకే ఆమె గొంతు బయటికి రాదు. 1980లో పుణెలో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు సమ్మె చేసి తమ సంఘం కట్టుకున్నారు. మన పొరుగున తమిళనాడులో 2007లోనే ఇంటి పనివాళ్ళకు సంక్షేమ బోర్డు వచ్చింది. కూడగట్టుకున్న చోట మార్పు వచ్చింది.

పక్కనున్న కడప జిల్లా నుంచి ఎందరో ఆడవాళ్ళు కువైటుకు ఇంటి పనికి పోవడం మనం చూస్తూనే ఉన్నాం. అక్కడ పడిన కష్టాలు విని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాం. ఆ కష్టాలు నిజం. అయితే అదే కువైటు 2015లో ఇంటి పనివాళ్ళ కోసం చట్టం చేసింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికొక సెలవు, ఏడాదికి జీతంతో కూడిన సెలవు అని కాగితం మీద రాసింది. అమలులో లోపాలు ఎన్నో ఉన్నాయి. రాతలో ఉంది కాబట్టి అడగడానికైనా ఒక ఆధారం ఉంది. ఫిలిప్పీన్స్ దేశం 2013లో చట్టం చేసి, రాతపూర్వక ఒప్పందాన్ని తప్పనిసరి చేసింది. ఎడారికి పోయిన మన ఆడపిల్ల కోసం బాధపడే మనం, మన పెరట్లో కూర్చున్న ఆడపిల్ల విషయంలో కనీసం ఆ కాగితం పాటి న్యాయమైనా చేయొద్దా?

ప్రభుత్వం చట్టం తెచ్చేదాకా ఆగక్కర్లేదు. రేపు పొద్దున మన ఇంట్లోనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, మాట్లాడుకున్న పని ఏమిటో, జీతం ఎంతో, ఏ తారీఖున ఇస్తామో ఒక చిన్న నోటుబుక్కులో రాసి ఆమెకొక కాపీ ఇవ్వాలి. అదనపు పని చేయిస్తే అదనంగా ఇవ్వాలి. ఏడాదికొకసారి అడక్కముందే పెంచాలి. రెండోది, వారానికొక రోజు సెలవు. మన ఉద్యోగాలకు ఆదివారం ఉంది, కొట్లకు కూడా సెలవు రోజు ఉంది. ఆమె ఒంటికి ఉండొద్దా? జ్వరం వచ్చినా, బిడ్డకు బాగాలేకపోయినా ఇచ్చే సెలవుకు జీతం కోయకూడదు. మూడోది, ఆమె కూర్చోవడానికి కుర్చీ, తాగడానికి మనం తాగే గ్లాసు, వెళ్ళడానికి మన ఇంటి మరుగుదొడ్డి. ఆ మరుగుదొడ్డిని కడిగేది ఆమే. వాడుకోనివ్వడానికి మాత్రం మనకు మనసు రాదు. పొద్దున ఐదున్నర నుంచి పదకొండు దాకా ఆపుకొని ఆపుకొని, నీళ్ళు తాగడమే మానేసి, మూత్రపిండాల జబ్బులు తెచ్చుకునేవాళ్ళున్నారు. ఇది చిన్న విషయం కాదు.

నాలుగోది, వస్తువు కనబడకపోతే మొదట ఆమె వైపు చూసే అలవాటు మానుకోవాలి. ఒకసారి మా బంధువుల ఇంట్లో చెవి కమ్మ పోయిందని పనామెను నానా మాటలన్నారు. మూడో రోజు అది దిండు గలీబులో దొరికింది. కమ్మ దొరికింది గానీ, ఆమె మళ్ళీ ఆ గడప తొక్కలేదు. దొరికిందని ఆ ఇంటి నుంచి ఎవరూ పోయి చెప్పనూ లేదు. ఊళ్ళో ఆమె పేరు మీద పడ్డ మచ్చను ఎవరు తుడవాలి? ఐదోది, పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. "చదివిస్తాం, తిండి పెడతాం" అని చెప్పి తెచ్చుకున్నా నేరమే. అలాంటి బిడ్డ కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. ఆడవాళ్ళకు ఏ ఆపద వచ్చినా 181 ఉంది.

ఇక, ఈ ప్రసంగాన్ని ఏ వంటింట్లోనో బోకులు తోముతూ వింటున్న అక్కలకు, చెల్లెళ్ళకు రెండు మాటలు. ఈ-శ్రమ్ కార్డు తీసుకోండి. 16 నుంచి 59 ఏళ్ళలోపు ఉన్న మీలో ఎవరైనా తీసుకోవచ్చు. దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఆధార్ కార్డు, దానికి కలిపిన ఫోన్ నంబరు, బ్యాంకు పుస్తకం తీసుకొని కామన్ సర్వీస్ సెంటరుకు పోతే చాలు. అందులో మీ వృత్తి దగ్గర ఇంటి పని అని రాయించండి. పద్దెనిమిది నుంచి నలభై ఏళ్ళలోపువాళ్ళయితే శ్రమ యోగి మాన్‌ధన్ పథకంలో చేరొచ్చు. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయల దాకా కడితే, ప్రభుత్వం కూడా అంతే కడుతుంది. అరవై ఏళ్ళు నిండాక నెలకు 3,000 పింఛను వస్తుంది. ఆ నెల కిస్తీని మీరు పనిచేసే ఇంటివాళ్ళను కట్టమని అడగండి. యజమానులు తమ దగ్గర పనిచేసేవాళ్ళ తరఫున కట్టే ఏర్పాటు 2022లోనే వచ్చింది. అడగడానికి సిగ్గుపడొద్దు. మీరు అడిగేది దానం కాదు. మీ వీధిలో ఈ పని చేసేవాళ్ళంతా నెలకొకసారి ఒకచోట కూర్చోండి. ఎవరికి ఎంతిస్తున్నారో, ఎవరు సెలవిస్తున్నారో ఒకరికొకరు చెప్పుకోండి. ఒక్కరే అడిగితే ఇంకొకరిని పెట్టుకుంటారు, పదిమంది కలిసి అడిగితే మాట వింటారు.

మన కంభం చెరువును 2020లో ఒక అంతర్జాతీయ సంస్థ ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తించింది. కట్టించిన రాణి వరదరాజమ్మ పేరు మనందరికీ తెలుసు. తట్టలతో మన్ను మోసి, రాయి పేర్చిన ఆడవాళ్ళ పేర్లు ఒక్కటీ తెలియవు. అప్పటి పేర్లు మనం ఇప్పుడు తెచ్చుకోలేం. మన ఇంట్లో ఉన్న పేరు మాత్రం మన చేతిలోనే ఉంది.

చివరగా ఒక చిన్న సంగతి చెప్పి ముగిస్తాను. మా వంటింటి గోడకు వెంకట్రామా క్యాలెండరు వేలాడుతుంటుంది. అందులో పాల లెక్క ఉంటుంది, గ్యాసు బండ వచ్చిన తేదీ ఉంటుంది. అక్కడక్కడా "పనామె నాగా" అని రాసి, చుట్టూ గుండ్రంగా గీసి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆమె రాని రోజుల్ని మేం అంత శ్రద్ధగా లెక్క పెట్టాం. వచ్చిన రోజులకు లెక్క లేదు. మా అత్తగారిని చూసుకున్న ఆమె నాలుగు రాత్రులు అడిగిన తర్వాత, మరుసటి నెల మొదటి తారీఖున పెన్ను తీసుకొని ఆ క్యాలెండరు ముందు నిలబడ్డాను. ఆ నెలలో ఆమెకిచ్చే నాలుగు రాత్రులనూ, పాచిపనికి వచ్చే ఆమెకు నాలుగు ఆదివారాలనూ గుర్తు పెట్టి, పక్కన ఇద్దరి పేర్లూ రాశాను. రాస్తుంటే పాచిపనికి వచ్చే ఆమె వచ్చి పక్కన నిలబడి, "ఏంది టీచరమ్మా, ఏందో రాస్తన్నావే?" అంది. చదువు రాదు ఆమెకు. "నీ పేరు" అన్నాను. దగ్గరికొచ్చి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకొని, ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసుకుంది. "ఇది నేనేనా?" అంది.

రేపు పొద్దున మీ ఇంటి క్యాలెండరు ముందు ఒక్క నిమిషం నిలబడండి. నాగా అని రాసిన చోట ఆమె పేరు రాయండి. దాని పక్కన ఆమె సెలవు రోజు రాయండి. అక్కడ మొదలుపెడదాం.